కుండీలు తీసేశారు సరే, చెత్త ఎక్కడ వేయాలి?

హైదరాబాద్‌లో ఏ కాలనీకి వెళ్లినా ఇలాంటి గోడ ఒకటి కనిపిస్తుంది. 'ఇక్కడ చెత్త వేయరాదు, వేసినచో జరిమానా' అని ఎర్ర రంగు అక్షరాలు, పక్కన దేవుళ్ల బొమ్మల టైల్స్, సరిగ్గా ఆ అక్షరాల కిందే గుట్టగా నల్ల కవర్లు. ఆ గోడని చూసి 'మనవాళ్లకి సివిక్ సెన్స్ లేదండీ' అనేసి వెళ్లిపోవడం చాలా తేలిక, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో రోజూ జరిగేది అదే. కానీ ఇదే జనం మెట్రో స్టేషన్లో చాక్లెట్ కాగితం కూడా కింద పడేయరు కదా, మరి వీధి మలుపుకి రాగానే ఏమవుతోంది?

ఆ కవర్లు ఎవరివో చూస్తే సగం విషయం అర్థమవుతుంది. చెత్త ఆటో పొద్దున వస్తుంది. వచ్చే టైముకి ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారనీ, విజిల్ వినపడగానే బకెట్ పట్టుకుని కిందికి దిగుతారనీ చెత్త ఆటోకే ఇవ్వాలన్న రూలు రాసినవాళ్లు అనుకున్నారు. నైట్ షిఫ్ట్ చేసి ఆ టైముకి నిద్రలో ఉన్నవాళ్లు, ఆరింటికే పనికి వెళ్లిపోయే దంపతులు, ఒక్కో గదిలో నలుగురేసి ఉండే బ్యాచిలర్లు, హాస్టళ్ల పిల్లలు వాళ్ల లెక్కలో లేరు. ఈ నగరంలో అద్దెకి ఉండేవాళ్లు ఎంతమందో మనకి తెలియంది కాదు.

ఆటోల సంగతే తీసుకోండి. 2015లో స్వచ్ఛ ఆటోలు వచ్చాయి, తడికీ పొడికీ ఆకుపచ్చ, నీలం బుట్టలు 22 లక్షల ఇళ్లకి 44 లక్షలు పంచారు (వాటిలో చాలా బుట్టలు బియ్యం డబ్బాలుగా, మొక్కల కుండీలుగా బాగానే పనికొచ్చాయి). ఆటో నడిపే మనిషికి కార్పొరేషన్ జీతం ఇవ్వదు. బండి అప్పు కిస్తీలు తనే కట్టుకోవాలి, ఇంటింటా వసూలు చేసుకున్న నెల డబ్బులూ, ఏరుకుని అమ్ముకున్న అట్టలూ సీసాలే అతని సంపాదన. అలాంటప్పుడు అతను ఏ ఇంటి ముందు ఆగుతాడు? నెలనెలా డబ్బులిచ్చే అపార్ట్‌మెంట్ ముందు ఆగుతాడు. ఇరుకు సందులో పైన రేకుల గదిలో ఉండే కుర్రాళ్ల కోసం ఎందుకు ఆగుతాడు? అతన్ని తప్పు పట్టలేం, డీజిల్ ఊరికే రాదు.

ఆ తర్వాత 'బిన్ ఫ్రీ సిటీ' పేరుతో రోడ్ల మీది పెద్ద కుండీలు తీసేశారు. ఆలోచన చెడ్డదని నేననను, ఆ కుండీల చుట్టూ ఉండే కంపు తెలిసినవాళ్లెవరూ అనరు. కానీ కుండీ పోయింది గానీ దాని చోటు పోలేదు, జనం అదే మూలకి వచ్చి అక్కడే వేస్తున్నారు. కార్పొరేషన్ ఆ చోటు శుభ్రం చేయించి, సున్నం చల్లి, ముగ్గు వేయించి, కొన్నాళ్లు ఓ మనిషిని కాపలా పెడుతుంది. ఆ కొన్నాళ్లూ చెత్త పక్క సందులో పడుతుంది. కెమెరా పెట్టినా అంతే. జరిమానా వేయొద్దని కాదు, రాత్రి ట్రాక్టర్‌లో ఇంటి కూల్చివేత మట్టి తెచ్చి చెరువులో పోసేవాడికీ, కోడి వ్యర్థాలు గోనెసంచిలో మూటగట్టి నాలాలో పడేసే షాపుకీ గట్టిగానే వేయాలి. వాళ్లకి వేరే దారి ఉండి కూడా ఖర్చు మిగుల్చుకోవడానికే చేస్తున్నారు. కూల్చివేత వ్యర్థాలకి జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ప్లాంట్లున్నాయి. కానీ తీరా పట్టుబడేది మాత్రం స్కూటర్ మీద కవర్ పెట్టుకొచ్చినవాడే. ట్రాక్టర్ వచ్చే టైముకి కాపలా మనిషి ఉండడు.

ఇక దోమలు, ఎలుకలు, కుక్కలు. వీటికి వేరే విభాగం, వేరే బడ్జెట్. చెత్త చూసేది పారిశుధ్య విభాగం, దోమలు చూసేది ఎంటమాలజీ (కీటకాల) విభాగం. వానాకాలం డెంగీ కేసులు పెరగ్గానే సాయంత్రం పూట పొగ బండి వస్తుంది, పిల్లలు దాని వెనక పరిగెడతారు, కార్పొరేటర్ ఫోటో దిగుతారు. ఆ పొగకి చచ్చేవి ఎగురుతున్న దోమలే, నీళ్లలో ఉన్న గుడ్లకీ పిల్ల పురుగులకీ ఏమీ కాదు. పైగా డెంగీ దోమ ఎక్కువగా కుట్టేది పగటిపూట, అది పెరిగేది మురికి నాలాలో కాదు, కొబ్బరి చిప్పలో, పాత టైర్లో, పారేసిన పెరుగు డబ్బాలో నిలిచిన వాన నీళ్లలో. వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. అంటే ఆ మూల మలుపులో పడి ఉన్న పొడి చెత్తే డెంగీకి నర్సరీ. తడి చెత్త మీద ఎలుకలూ కుక్కలూ బతుకుతాయి. అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో వీధి కుక్కలు నాలుగేళ్ల పిల్లాణ్ణి చంపినప్పుడు కుక్కలకి పిల్లలు పుట్టకుండా చేసే స్టెరిలైజేషన్ గురించి చాలా మాట్లాడారు, అది అవసరమే, కానీ ఆ కుక్కలకి తిండి ఎక్కడ దొరుకుతోందన్న ప్రశ్న రెండు రోజులకే మాయమైంది. దోమల సంగతి ఈ ఊరికి కొత్తేం కాదు, దోమ పొట్టలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది ఈ సికింద్రాబాద్‌లోనే మరి!

1994లో ప్లేగు భయంతో జనం సూరత్ వదిలి రైళ్లెక్కి పారిపోయారు. మరుసటి ఏడు అక్కడికి మున్సిపల్ కమిషనర్‌గా ఎస్.ఆర్. రావు (సూర్యదేవర రామచంద్రరావు) వెళ్లారు. జరిమానాలు ఆయనా వేశారు, పెద్ద హోటళ్లనీ వదల్లేదు. కానీ దానికంటే ముఖ్యమైన పని ఒకటి చేశారు, జోన్ అధికారులకి తనతో సమానంగా అధికారాలిచ్చి, ఏసీ గదుల్లోంచి లేపి రోజూ వీధుల్లో తిప్పారు. చెత్త ఎత్తే టైము, మురుగు తీసే టైము, జబ్బుల లెక్క, అన్నీ రోజూ ఒకే చోట చూశారు. ప్లేగు చూసిన ఊరు రెండేళ్లు తిరక్కుండానే దేశంలో శుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. మనకి జబ్బుల లెక్క ఒక ఆఫీసులో, చెత్త లెక్క ఇంకో ఆఫీసులో ఉంటుంది.

కేంద్రం కొత్త ఘన వ్యర్థాల నిబంధనలు తెచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఇకపై తడి, పొడి, శానిటరీ, ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సినవి అని నాలుగు రకాలుగా విడదీయాలట. మంచిదే. రెండు బుట్టలే ఒకే ఆటోలో కలిసిపోతుంటే నాలుగు ఎలా నిలబడతాయో చెప్పేవాళ్లు మాత్రం లేరు. ఇంట్లో కష్టపడి విడదీసిన మనిషి, ఆటోలో రెండూ ఒకే కుప్పలో పడటం ఒక్కసారి కళ్లారా చూస్తే చాలు, మర్నాటి నుంచి మానేస్తాడు.

చేయాల్సింది పెద్ద కష్టమేం కాదనుకుంటాను. అద్దె గదులు, హాస్టళ్లు ఎక్కువున్న చోట రాత్రి తొమ్మిది తర్వాత ఒక ట్రిప్పు తిప్పాలి. అది కుదరని చోట మూత ఉన్న చిన్న కుండీ మళ్లీ పెట్టాలి, బిన్ ఫ్రీ అన్న బోర్డు పోయినా ఫర్వాలేదు. ఆటో అతనికి తిరిగిన ఇళ్ల లెక్కన కార్పొరేషనే డబ్బులివ్వాలి. ఆ డబ్బు ఎక్కడిదంటారా? ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం ఇంటికింతని చెత్త పన్ను వేస్తే జనం ఎంత మండిపడ్డారో చూశాం, 2024లో వచ్చిన ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. హైదరాబాద్‌లో కొత్త పన్ను అక్కర్లేదు, ఆస్తి పన్నులో కన్జర్వెన్సీ అనే పద్దు, అంటే పారిశుధ్యం కోసం తీసుకునే డబ్బు, ఎప్పటి నుంచో ఉంది. ఓనర్ ఆ పన్ను కడతాడు, అద్దెలో కలిపి మన దగ్గర లాగుతాడు, మళ్లీ మనమే ఆటో అతనికి నెలనెలా ఇస్తాం. ఒకే చెత్తకి రెండుసార్లు కడుతున్నాం, అందులో మొదటిది ఎటు పోతోందో వార్డు ఆఫీసులో అడిగి చూడండి.