అభ్యసన రూపకల్పనలో విశాఖ పద్ధతి

అభ్యసన రూపకల్పన, విద్యా సాంకేతికత అనే జంట శాస్త్రాల తొలి పాఠాలను ఈ మధ్య శ్రద్ధగా చదివిన మీదట, వాటిని వృద్ధి చేసిన విదేశీ పండితుల మీద నాకు జాలి కలిగింది. పిల్లలకు ఏమి వచ్చు, ఏమి రాదు, పాఠం ముగిసేసరికి వారు ఏమి చేయగలగాలి అన్నది మొట్టమొదట తేల్చుకోవాలట. యంత్రం సంగతి ఆ తరువాతనట. ఇంత చాదస్తం పెట్టుకుంటే మద్దిలపాలెం నుంచి మధురవాడ దాకా ఒక్క ప్రారంభోత్సవమైనా జరుగుతుందా?

1975లో అమెరికా సైన్యం శిక్షణ అవసరాల కోసం ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో రూపుదిద్దుకున్న ‘యాడీ’ నమూనా వారికి పెద్ద బాలశిక్ష వంటిది. విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అని అందులో ఐదు దశలు. మనమూ ఐదింటినీ పాటిస్తాం గానీ వరుస మన సౌకర్యాన్ని బట్టి ఉంటుంది. ముందు అమలు, అనగా కొబ్బరికాయ, రిబ్బను, గ్రూప్ ఫోటో. ఆ వెంటనే మూల్యాంకనం, అనగా ముఖ్య అతిథి ‘అద్భుతం’ అని సెలవివ్వడం. రూపకల్పన, తయారీ టెండరు దక్కినవారి తలనొప్పి. విశ్లేషణ గురించి చివర మనవి చేస్తాను, ఎందుకంటే అది జరిగేదీ చివరనే.

విగ్గిన్స్, మెక్‌టై అనే ఇద్దరు 1998లో మరో మార్గం చెప్పారు: ఆశించిన ఫలితాన్ని ముందు నిర్ణయించుకుని, అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ పాఠాన్ని అల్లుకోవాలి. ఇది మనకు కొత్త కాదు. మన ఆశించిన ఫలితం నిధులు మురిగిపోకుండా ఉండడం, దానికి గడువు మార్చి 31. అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ వస్తే దారిలో ఎక్కడో ఒకచోట విద్యార్థి తగలకపోడు.

నేనెరిగిన ఒక బడిలో తాకితే పలికే పెద్ద ప్యానెల్‌ను నల్లబల్ల నడిమధ్యన బిగించారు, గోడకు మేకు దిగే చోటు అదొక్కటేనని. కరెంటు ఉంటే నెట్టు ఉండదు, రెండూ ఉంటే పాస్‌వర్డు తెలిసిన మాస్టారు సెలవులో ఉంటారు. కనుక సముద్రపు ఉప్పుగాలి తగలకుండా దానికి పూలగుడ్డతో ముసుగు కుట్టించారు. ముసుగు ఎత్తి చూస్తే స్విచ్చు పక్కన దసరాకు పెట్టిన కుంకుమ బొట్టు చెక్కుచెదరకుండా ఉంది. లెక్కల టీచరుగారు ఎడమ అంచున మిగిలిన జానెడు బల్ల మీద భాగహారం మొదలుపెట్టి, ప్యానెల్‌ను దాటి వెళ్లి, కుడి అంచున జవాబు తేలుస్తారు. మధ్యనున్న మెట్లన్నీ పిల్లలు స్వయంగా ఊహించుకోవలసిందే. స్వయంగా కనుగొని నేర్చుకోవడం ఉత్తమమని వాదించిన జెరోమ్ బ్రూనర్ కూడా ఇంత దూరం ఆలోచించి ఉండడు.

మాధ్యమం పాఠాన్ని చేరవేసే వాహనం మాత్రమేననీ, సరుకు తెచ్చిన లారీని బట్టి తిన్నవాడికి పుష్టి కలగదనీ రిచర్డ్ క్లార్క్ 1983లో రాశాడు. కాదని రాబర్ట్ కోజ్మా దీర్ఘంగా వాదించాడు. ఇద్దరూ గాజువాక రోడ్డు మీద ఒక పూట నిలబడి ఉంటే, లారీ ఎంత పెద్దదైతే అందరూ దానికి అంత దారి ఇస్తారన్న సత్యం బోధపడి, వివాదం అక్కడితో తీరిపోయేది.

మన దేశంలోనూ ఒకప్పుడు చాదస్తులు లేకపోలేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఇస్రో, నాసా వారి ఉపగ్రహం ద్వారా అప్పటి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు ప్రసారం చేసినప్పుడు, చూసేవారికి ఏమి అర్థమవుతోందో తెలుసుకోవడానికి పరిశోధకులను కొన్ని పల్లెల్లో కాపురం కూడా పెట్టించారు. ఒక ఫీడ్‌బ్యాక్ ఫారంతో పోయేదానికి ఎంత ప్రయాస!

ఆ ఫారం విషయంలో మాత్రం మనం శాస్త్రాన్ని తు.చ. తప్పకుండా అనుసరిస్తున్నాం, కనీసం పావు వంతు. శిక్షణ ఫలించిందో లేదో నాలుగు మెట్లలో చూడాలని 1959లో డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ అన్నాడు: హాజరైనవారికి నచ్చిందా, నేర్చుకున్నారా, తిరిగి వెళ్లి ఆచరిస్తున్నారా, దానివల్ల ప్రయోజనం కలిగిందా. బీచ్ రోడ్డులోని ఒక హోటల్లో ఉపాధ్యాయులకు జరిగిన శిక్షణ ముగింపులో మేము మొదటి మెట్టును క్షుణ్ణంగా పూర్తి చేశాం. హాలు చల్లగా ఉందా, మైకు వినిపించిందా, భోజనం సకాలంలో అందిందా అన్న ప్రశ్నలకు అయిదుకు అయిదు వేశాం. రొయ్యల వేపుడు గురించి ప్రత్యేక గడి లేకపోవడం ఒక్కటే లోపం. మిగతా మూడు మెట్లకు ఫారంలో చోటు చాలలేదు.

ఇక విశ్లేషణ. వారంటీ ముగిసి, తెర మీద అడ్డగీత పడి, ముసుగు కూడా చిరిగాక, యంత్రాన్ని కండెమ్ చేయడానికి కమిటీ వస్తుంది. ఇది ఎవరి కోసం కొన్నారు, వారికి దీని అవసరం ఏమిటి, ఎన్ని గంటలు వాడారు, వాడినందువల్ల ఏమి మారింది అని వారు స్టాక్ రిజిస్టర్ ముందేసుకుని ఒక్కొక్కటిగా అడుగుతారు. అభ్యసన రూపకల్పన మొదటి పాఠంలో ఉన్న ప్రశ్నలన్నీ ఏ శిక్షణా లేకుండా ఆ కమిటీకి కంఠతా వచ్చు. ఈ ఏడాది వారికి కూడా రెండు రోజుల శిక్షణ ఇవ్వాలని ప్రతిపాదన వెళ్లింది. అంశం ఇంకా నిర్ణయించలేదు గానీ, హోటల్ ఖరారైంది.