అమ్మని కారులో కూర్చోబెట్టకండి

సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే వారాంతానికి మన డాలస్ సంఘం తరఫున కొలరాడో కొండల్లోని ఎస్టెస్ పార్క్ అనే ఊరికి వెళ్దామని వాట్సాప్‌లో ఒక షీటు తిరుగుతోంది. మీరూ చూసే ఉంటారు. అందులో పేర్లు రాయడానికి మూడు గడులున్నాయి: హైకింగ్, పిల్లల ఆటలు, పెద్దలు. మూడో గడి కింద చిన్న అక్షరాలతో "కార్ల దగ్గర విశ్రాంతి, సామాన్లు చూసుకోవడం" అని రాశారు. రాసినవాళ్ళ మనసులో చెడేమీ లేదు, నాకు తెలుసు. కానీ అది చదివినప్పటినుంచి కుదురుగా లేను. మూడేళ్ళ కిందట నేనూ అచ్చం అదే పని చేశాను కాబట్టి.

అప్పుడు అమ్మ ఇండియా నుంచి మొదటిసారి వచ్చింది. పొద్దున్నే డాలస్‌లో విమానం ఎక్కి డెన్వర్‌లో దిగాం, కారు అద్దెకి తీసుకున్నాం, ఎస్టెస్ పార్క్‌లో కాఫీకి కూడా ఆగకుండా తిన్నగా ట్రయల్ రిడ్జ్ రోడ్డు ఎక్కించేశాను. ఎస్టెస్ పార్క్ నుంచి కొండల అవతల గ్రాండ్ లేక్ దాకా 48 మైళ్ళ రోడ్డు అది, అందులో అన్నిటికన్నా ఎత్తైన చోటు 12,183 అడుగులు. ఒక్కరోజులో కవర్ చేసేస్తే రెండో రోజు ఇంకో ఊరు చూడొచ్చని నా లెక్క. ఆ రోడ్డు పైన ఉన్న ఆల్పైన్ విజిటర్ సెంటర్ చేరేసరికి అమ్మ కళ్ళు మూసుకుని సీటుకి తల ఆనించేసింది. తల పగిలిపోతోంది అంది. జంతికలు తెచ్చుకున్న కవర్లోనే వాంతి చేసుకుంది. అద్దం కొంచెం దించి, "నువ్వు పడుకోమ్మా, పది నిమిషాల్లో వచ్చేస్తాం" అని మేం పైకెళ్ళి ఫొటోలు దిగాం. ఆ ఫొటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. వెనక పార్కింగ్‌లో మా కారు, కిటికీలోంచి బయటికొచ్చిన ఒక మోచెయ్యి కనిపిస్తాయి. ఆ మోచెయ్యి మా అమ్మది.

"పెద్దవాళ్ళకి కొండలు పడవు" అని ఆ రోజే తీర్మానించేశాం. తప్పు ఆవిడ వయసుది కాదు, నా తొందరది. పొద్దున ఐదారు వందల అడుగుల ఎత్తులో ఉన్న మనిషిని మధ్యాహ్నానికల్లా పన్నెండు వేల అడుగులు ఎక్కిస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులు కూడా ఉండదు. ఆ రోజు కారులో ఉన్న ఇరవై రెండేళ్ళ మా మేనల్లుడికీ తలనొప్పే. వాణ్ణి మాత్రం ఎవరూ "నీకు కొండలు పడవురా" అనలేదు.

అసలు కొండ ఎక్కడం ఎలాగో మా అమ్మకి నేను నేర్పేదేంటి? అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. అరవై దాటాక కూడా నడిచి ఎక్కింది. చీకటి ఉండగానే బయల్దేరుతుంది, ఎవరితోనూ పోటీ పెట్టుకోదు, గాలిగోపురం దగ్గర కూర్చుంటుంది, ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్క తింటుంది, మోకాళ్ళ పర్వతం దగ్గర మాటలు ఆపేసి గోవింద నామం ఒక్కటే పట్టుకుంటుంది. ఎస్టెస్ పార్క్ ఊరిని ఆనుకుని ఉన్న రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లో రేంజర్లు చెప్పేదీ దాదాపు ఇదే: పెందలాడే మొదలుపెట్టండి, మెల్లగా నడవండి, నీళ్ళు తాగుతూ ఉండండి, మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యేలోపు చెట్లు లేని ఎత్తుల నుంచి దిగిపొండి. గోవింద నామం ఒక్కటే వాళ్ళ జాబితాలో లేదు.

ఇంకో సంగతి. ఎస్టెస్ పార్క్ ఇంత పేరున్న విడిది ఊరు కావడానికి ముఖ్య కారణం ఒక రోగిష్టి మనిషి. ఆవిరి కార్లు తయారుచేసిన అన్నదమ్ముల్లో ఒకరైన ఫ్రీలాన్ ఆస్కార్ స్టాన్లీ 1903లో క్షయతో చిక్కి శల్యమై ఇక్కడికొచ్చాడు. అప్పటికి ఆయనకి యాభై దాటాయి. ఇక్కడి ఎండలో, గాలిలో ఒక వేసవి గడిపి కోలుకున్నాడు. 1909లో ఊరంతా కనిపించే చోట పెద్ద హోటల్ తెరిచాడు, 1940 దాకా బతికాడు. ఇప్పుడు ఆ హోటల్లో దయ్యాల టూర్లు నడుపుతున్నారు, అది వేరే కథ. నేననేదల్లా, ఈ ఊరు మొదటినుంచీ నిదానంగా గాలి పీల్చుకోవడానికి వచ్చినవాళ్ళదని.

ఈ జూన్‌లో అమ్మ మళ్ళీ వచ్చింది. వచ్చిన వారానికే బయల్దేరాం, కానీ ఈసారి మొదటి రోజు పార్కులోకి అడుగే పెట్టలేదు. ఊరు 7,522 అడుగుల ఎత్తులో ఉంది, ఒక రాత్రి అక్కడ పడుకుంటే ఒంటికి కాస్త అలవాటవుతుంది. సాయంత్రం లేక్ ఎస్టెస్ ఒడ్డున నడిచాం. చెరువు చుట్టూ నాలుగు మైళ్ళ లోపు సిమెంటు బాట, ఎత్తుపల్లాలు పెద్దగా ఉండవు, టికెట్టూ లేదు. సగం దూరం వెళ్ళి వెనక్కి తిరిగాం. పచ్చికలో ఎల్క్‌లనే పెద్ద జింకల మంద పడుకుని నెమరేస్తోంది. "జింకలంటావేంట్రా, ఒక్కోటి మన పాడిగేదంత ఉంది" అంది అమ్మ. వాటికి 75 అడుగుల దూరంలో ఉండాలి, అంటే రెండు బస్సుల పొడవు. మీరు వెళ్ళే సెప్టెంబరులో మగవాటికి ఎదకాలం, కొమ్ములతో కుమ్ముకుంటూ ఈలలాంటి కూతలు పెడతాయి. సెల్ఫీ కోసం దగ్గరికెళ్ళే మొనగాళ్ళు మనలోనూ ఉన్నారు, దయచేసి మానుకోండి.

ఆ రాత్రి క్యాబిన్‌లో పప్పు గొడవ. కుక్కర్ మర్చిపోయాం. గిన్నెలో కందిపప్పు గంటన్నర తెర్లింది, పలుకు పలుకుగానే ఉంది. అంత ఎత్తులో నీళ్ళు 92 డిగ్రీలకే మరుగుతాయి మరి. అమ్మ గరిటెతో నాలుగు పలుకులు తీసి, వేళ్ళమధ్య నొక్కి చూసి, "ఈ ఊరి నీళ్ళు ఊరికే తెర్లుతున్నాయిరా, కాగట్లేదు" అని తేల్చేసింది. ఫిజిక్స్ టీచరు కూడా ఇంత తేలిగ్గా చెప్పలేదు నాకు. ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్ళండి, రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి.

ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది కదా. ఇళ్ళల్లో దీన్నొక సమస్యలా చూస్తాం, మిక్సీ వెయ్యొద్దని బతిమాలతాం. ఎస్టెస్ పార్క్‌లో ఇదే పెద్ద వరం. ఐదున్నరకి స్ప్రేగ్ లేక్ దగ్గర ఉన్నాం. చుట్టూ తిరిగితే మైలు కూడా ఉండని చదునైన బాట, చక్రాల కుర్చీ కూడా పోతుంది. ఒకప్పుడు అబ్నర్ స్ప్రేగ్ అనే ఆయన తన లాడ్జికి వచ్చేవాళ్ళు చేపలు పట్టుకోవడానికి కట్ట కట్టించిన చెరువిది. మంచు కొండలు మొత్తం నీళ్ళలో తలకిందులుగా ఉన్నాయి. అమ్మకి చీర, దాని మీద మా ఆవిడ స్వెట్టరు, కాళ్ళకి స్పోర్ట్స్ షూస్, నెత్తిన మంకీ క్యాప్. డాలస్‌లో నవ్విన ఆ మంకీ క్యాప్‌ని నేనూ అడిగి పెట్టుకోవాల్సి వచ్చింది. ఒక ప్రదక్షిణ అయ్యాక బెంచీ మీద కూర్చుందామన్నాను. "మూడన్నా చెయ్యకపోతే ఎలా" అని అమ్మ ముందుకెళ్ళిపోయింది.

తర్వాత బేర్ లేక్, 9,475 అడుగులు. జూన్ మొదట్లో అక్కడ బాట మీద ఇంకా గట్టిపడ్డ మంచుంది, కర్ర లేకపోతే జారతాం. పైకి అరమైలు నడిస్తే కలువాకులు తేలే నింఫ్ లేక్, ఇంకో అరమైలు పైన డ్రీమ్ లేక్. మేం నింఫ్ లేక్ దగ్గరే ఆగాం, ఆగమన్నది నేను. గుర్రాలు, జిప్‌లైన్, 1955 నుంచి నడుస్తున్న ట్రామ్‌వే, చేపల వేట, ఇవన్నీ ఊళ్ళో ఉన్నాయి. వాటి సంగతి పిల్లలు చూసుకుంటారు, నేను చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది బాత్రూముల గురించి, ఎందుకంటే మన పెద్దవాళ్ళు కారు దిగనంటే సగం సార్లు కారణం అదే, పైకి చెప్పరంతే. స్ప్రేగ్ లేక్ దగ్గరా, బేర్ లేక్ పార్కింగ్ దగ్గరా ఉన్నాయి. బాట ఎక్కాక ఉండవు. పార్కులో చాలాచోట్ల గుంట మరుగుదొడ్లే, నీళ్ళు రావు. ఒక బాటిల్ చేతికిచ్చి పంపండి, టెన్షన్ సగం తీరిపోతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు బయల్దేరేముందు డాక్టర్ని ఒకమాట అడగడం మంచిది.

ఈ మధ్య ఏళ్ళలో మే చివరినుంచి అక్టోబరు మధ్యదాకా పార్కులోకి వెళ్ళడానికి ముందే టైము బుక్ చేసుకోవాలి. సెప్టెంబరు తేదీలు ఆగస్టు 1న మౌంటెన్ టైము ఉదయం 8 గంటలకి తెరుస్తారు, మన డాలస్‌లో తొమ్మిది. దొరక్కపోతే వెళ్ళే ముందురోజు సాయంత్రం ఏడింటికి ఇంకొన్ని వదులుతారు. బేర్ లేక్ రోడ్డుకి పొద్దున ఐదింటి నుంచే ఈ అనుమతి కావాలి, అంతకు ముందే లోపలికెళ్ళిపోతే అక్కర్లేదు. మూడింటికి లేచే అమ్మ ఉంటే అదేం కష్టం? ఇంకోటి, 2026 నుంచి రాకీ మౌంటెన్‌తో కలిపి 11 పార్కుల్లో అమెరికాలో నివాసం లేనివాళ్ళకి, వార్షిక పాస్ లేకపోతే, మనిషికి వంద డాలర్లు అదనం. విజిటర్ వీసా మీద వచ్చిన మన అమ్మానాన్నలు ఆ లెక్కలోకే వస్తారు. వెళ్ళేముందు పార్కు సైటులో ఒకసారి సరిచూసుకోండి. వంద డాలర్లు కట్టి తీసుకెళ్ళి వాళ్ళకి పార్కింగ్ లాట్ చూపించి తెస్తామా?

ట్రయల్ రిడ్జ్ రోడ్డుకి అమ్మ ఈసారి మూడో రోజు వచ్చింది, రెండు రాత్రులు ఊళ్ళో పడుకున్నాక. పైదాకా వెళ్ళలేదు, దారిలో రెయిన్‌బో కర్వ్ అనే మలుపు దగ్గర ఆగాం. గోడ మీద ఉడతలు వచ్చి చేతుల్లోకి చూస్తున్నాయి. అమ్మ చెయ్యి జంతికల సంచీలోకి పోయింది. వద్దమ్మా, ఇక్కడ పెట్టకూడదు, ఫైన్ వేస్తారు అన్నాను. నోరులేని జీవికి పిడికెడు పెడితే ఫైనేంట్రా అని ఆవిడ గొణుగుడు. మనం పెట్టేది తినడం అలవాటైతే చలికాలానికి గింజలు దాచుకోవడం మానేస్తాయని చెబితే కాసేపు ఆలోచించి సంచీ ముడేసింది. దిగేదాకా వాటివైపు చూడలేదు, చూస్తే మనసాగదట.

నిన్న రాత్రి షీటు తెరిచి మూడో గడి కింద ఉన్న ఆ వాక్యం కొట్టేశాను. అడక్కుండా చేసినందుకు కమిటీ వాళ్ళు నన్ను క్షమించాలి. హైకింగ్ గడిలో మా అమ్మ పేరు రాసి, పక్కన "డ్రీమ్ లేక్" అని పెట్టాను, ఎందుకంటే జూన్‌లో వెనక్కి తిప్పినందుకు నన్నింకా దెప్పుతూనే ఉంది. నా పేరు మూడో గడిలో ఉంది. పులిహోర డబ్బాల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా.