ఆలస్యంగా వచ్చే కోపం, దానికి పడిన వెల

మూడేళ్ళ కిందట మా బంధువుల ఇంట్లో ఆదరణ కూడిక జరిగింది. నాకు పిన్ని వరసయ్యే ఆవిడ కొడుకు బైక్ ప్రమాదంలో పోయాడు. ఇరవై రెండేళ్ళు. వాకిట్లో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, లోపల ఆడవాళ్ళకి చాపలు. పక్క ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు మైకు తీసుకుని, ఈ ఇంటి మీద దేవుడికి కోపం ఉందన్నాడు. దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు ఇవ్వడం తప్పారు, ఆదివారం ఆరాధన మానేశారు, అందుకే ఈ హెచ్చరిక అన్నాడు. పిన్ని తల ఎత్తలేదు. చాప అంచున ఊడిన పుల్లని వేలితో లాగుతూ కూర్చుంది. అందరూ భోజనాలకి లేచాక నా చెయ్యి పట్టుకుని అడిగింది: "కోపం నా మీదైతే నన్ను తీసుకెళ్ళాలి గదా నాయనా, వాణ్ణెందుకు?"

ఆ ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదల్లేదు. దేవుడు ప్రేమా స్వరూపి అని బైబిలు చెబుతుంది. అదే బైబిలు ఆయన ఉగ్రత గురించీ చెబుతుంది. ఈ రెంటినీ ఎలా కలిపి నమ్మాలి? ఆ ప్రసంగీకుడిలా కలిపితే మాత్రం దేవుడు వడ్డీ వ్యాపారిలా మిగులుతాడు.

దీన్నుంచి తప్పించుకోవడానికి రెండు దగ్గరి దారులున్నాయి. ఒకటి చాలా పాతది. నల్లసముద్రం ఒడ్డున సినోపే అనే ఊళ్ళో పుట్టిన మార్సియన్ అనే ఓడల వ్యాపారి దాన్ని వేశాడు. పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి అన్న దేవుడు వేరు అన్నాడు. మొదటివాడు కోపిష్టి, రెండోవాడు దయామయుడు. రోము సంఘం క్రీ.శ. 144లో అతన్ని వెలివేసింది. కానీ ఆ ఆలోచన వెళ్ళిపోలేదు. మన సండే స్కూళ్ళలో పెరిగిన ఎవరినైనా అడగండి, "పాత నిబంధనలో దేవుడు శిక్షించేవాడు, కొత్త నిబంధనలో ప్రేమించేవాడు" అని టకీమని చెబుతారు. పుస్తకం తెరిస్తే ఆ మాట నిలవదు. "ఎఫ్రాయిమూ, నేనెట్లు నిన్ను విడిచిపెట్టుదును?" అని దేవుడు గుండె బద్దలై మాట్లాడేది పాత నిబంధనలోని హోషేయలో. "గొఱ్ఱెపిల్ల ఉగ్రత" అనే మాట వచ్చేది కొత్త నిబంధన చివరి పుస్తకంలో, ఆ గొఱ్ఱెపిల్ల యేసే. మార్కు సువార్త మూడో అధ్యాయంలో ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. సమాజమందిరంలో ఊచచెయ్యి, అంటే ఎండిపోయిన చెయ్యి గలవాడొకడు ఉన్నాడు. ఏ పనీ చెయ్యకూడని విశ్రాంతి దినాన యేసు అతన్ని బాగుచేస్తే పట్టుకుందామని కొందరు కాచుకుని ఉన్నారు. యేసు వారి హృదయ కాఠిన్యానికి దుఃఖపడి, కోపంతో వారిని కలయ చూశాడని రాసి ఉంది. దుఃఖం, కోపం ఒకే వాక్యంలో ఉన్నాయి. ఆ వెంటనే "నీ చెయ్యి చాపుము" అన్నాడు. ఆ కోపం ఆ చెయ్యి కోసమే వచ్చింది.

రెండో దారి ఈ కాలపుది. ఉగ్రత అనే మాటనే తీసెయ్యడం. అమెరికాలోని ప్రెస్బిటేరియన్ చర్చి 2013లో కొత్త కీర్తనల పుస్తకం తెచ్చినప్పుడు 'ఇన్ క్రైస్ట్ అలోన్' అనే పాట మీద పెద్ద చర్చ నడిచింది. సిలువ మీద దేవుని ఉగ్రత తృప్తిపడిందనే పంక్తి అందులో ఉంది. దాని బదులు దేవుని ప్రేమ ఘనపరచబడింది అని పాడుకుంటామని కమిటీ అడిగితే రచయితలు ఒప్పుకోలేదు. ఓటు పెట్టారు. 9–6 తేడాతో పాట బయటికి పోయింది. ఆ కమిటీ భయం నాకు అర్థమవుతుంది. కోపం తీరడానికి కొడుకుని బలి తీసుకున్న తండ్రిగా దేవుణ్ణి చూపించే ప్రసంగాలు నేనూ విన్నాను. అయినా మాట తీసేస్తే సమస్య తీరదు, ఎందుకో కింద చెబుతాను.

ముందు దేవుడు తన కోపం గురించి తానే ఏమన్నాడో చూద్దాం. ఇశ్రాయేలీయులు బంగారు దూడని చేసుకుని పూజించిన తప్పిదం తర్వాత, పగిలిన ఆజ్ఞల పలకల స్థానంలో కొత్త పలకలు పట్టుకుని మోషే సీనాయి కొండ ఎక్కుతాడు. అక్కడ దేవుడు తన గురించి తానే చెప్పుకుంటాడు. నిర్గమకాండం 34లో మన తెలుగు బైబిలు మాటలివి: "కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములుగల దేవుడైన యెహోవా." ఈ దీర్ఘశాంతానికి హెబ్రీలో ఉన్న మాటని అక్షరాలా చదివితే 'పొడుగు ముక్కు గలవాడు' అని వస్తుంది. హెబ్రీలో ముక్కుకీ కోపానికీ ఒకటే మాట. తెలుగువాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. "వాడికి ముక్కు మీదే కోపం" అని మనం రోజూ అనేదే. ముక్కు పొడుగైతే కోపం చివరిదాకా చేరడానికి టైమ్ పడుతుంది. దేవుడికి కోపం లేదని కాదు, ఆయన కోపం ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యమే దయ.

ఆ వాక్యం అక్కడ ఆగదు. వేయి వేలమందికి కృప చూపుతాడు, పాపాన్ని క్షమిస్తాడు, కానీ దోషుల్ని నిర్దోషులుగా ఎంచడు, మూడు నాలుగు తరాల దాకా దోషం వెంటాడుతుంది అని సాగుతుంది. వేలు ఒక పక్క, మూడు నాలుగు ఇంకో పక్క. తక్కెడ సమంగా లేదు. దయ, కోపం సమాన బరువున్న రెండు గుణాలని మనం పాఠాల్లో చెప్పుకుంటాం గాని, మూలంలో అలా లేదు.

ఈ ఒక్క వాక్యాన్నే ఇద్దరు ప్రవక్తలు ఒకే పట్టణం గురించి వాడారు. ఆ పట్టణం నీనెవె, అష్షూరు రాజధాని. "యెహోవా దీర్ఘశాంతుడు, మహా బలముగలవాడు, ఆయన దోషులను నిర్దోషులుగా ఎంచడు" అని నహూము ఆ పట్టణం పతనాన్ని ప్రకటించాడు. క్రీ.పూ. 612లో నీనెవె కూలింది. అంతకుముందు ఆ పట్టణాన్ని హెచ్చరించమని దేవుడు యోనాని పంపితే, జనం మారారు, దేవుడు నాశనం చెయ్యకుండా మానుకున్నాడు. అప్పుడు యోనా కూడా అదే వాక్యం ఎత్తుకున్నాడు, కాకపోతే మొదటి సగమే. పైగా ఫిర్యాదుగా. నువ్వు దీర్ఘశాంతుడివనీ, అనుకున్న కీడు చెయ్యకుండా మానేస్తావనీ నాకు ముందే తెలుసు, అందుకే నేను తర్షీషుకి పారిపోయాను అని దేవుడి మీద కోపగించుకున్నాడు.

చిన్నప్పుడు పెద్ద చేప కథలో యోనా మనకి మొండివాడు. పెద్దయ్యాక చదివితే నాకు అతని కోపం వేరేగా కనిపించింది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో నీనెవె రాజభవనం గోడ పలకలున్నాయి. క్రీ.పూ. 701లో యూదాలోని లాకీషు పట్టణాన్ని పట్టుకున్న దృశ్యం వాటి మీద చెక్కించుకున్నారు. కొయ్యల మీద గుచ్చి నిలబెట్టిన మనుషులు, నేల మీద పడేసి చర్మం ఒలుస్తున్న సైనికులు. రాజు తన గదుల్లో అలంకారంగా పెట్టుకున్న బొమ్మలివి! యోనా ఉత్తర రాజ్యమైన ఇశ్రాయేలు ప్రవక్త. ఆ రాజ్యాన్ని క్రీ.పూ. 722 ప్రాంతంలో నేలమట్టం చేసింది ఈ అష్షూరే. యోనా గ్రంథాన్ని చరిత్రగా చదివినా, నీతికథగా చదివినా, దాన్ని విన్న యూదులందరికీ ఈ సంగతి తెలుసు. అంటే దేవుడు నీనెవెకి ఇచ్చిన గడువుకి వెల కట్టింది యోనా ఊరివాళ్ళు.

దయ గురించి మాట్లాడే మనలో చాలామందిమి ఈ లెక్క వెయ్యం. హంతకుడికి గడువిస్తే ఆ గడువులో చచ్చేది హంతకుడు కాడు.

ఈ లెక్క మన దగ్గరా ఉంది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఆ 8 మందిని చట్టం దృష్టిలో ఎవరూ చంపలేదన్నమాట. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది దళితవాడల్లోంచి వచ్చినవాళ్ళే. అలాంటి వాడలో నిలబడి "దోషులను నిర్దోషులుగా ఎంచడు" అని చదివితే ఆ మాట ఎంత బరువుగా వినబడుతుందో ఊహించండి. అక్కడికెళ్ళి దేవుడికి అసలు కోపమే రాదు, ఆయన అందరినీ ఒకేలా ప్రేమిస్తాడు అని చెప్పగలమా? చెబితే అది సువార్త కాదు, ఆ పోయిన 8 మందికి ఇంకో అవమానం. ఉగ్రత అనే మాట తీసేస్తే సమస్య తీరదన్నది ఇందుకే.

క్రొయేషియాలో పుట్టి అమెరికాలో వేదాంతం బోధిస్తున్న మిరోస్లావ్ వోల్ఫ్ ఇదే దారిలో మనసు మార్చుకున్నాడు. దేవుడికి కోపం తగదని ఒకప్పుడు అనుకునేవాణ్ణని ఆయనే రాశాడు. తను పుట్టిన యుగోస్లావియా యుద్ధంలో, ఆయన చెప్పిన అంచనా ప్రకారం, రెండు లక్షల మంది చచ్చిపోయి, ముప్ఫై లక్షల మంది చెదిరిపోయాక, దీన్ని చూసి కోపం రాని దేవుడు ప్రేమకే తగడని తేల్చుకున్నాడు. నాలుగో శతాబ్దం ఆరంభంలో లాక్టాంటియస్ అనే లాటిన్ రచయిత కూడా దేవుడి కోపం మీద ఒక పుస్తకమే రాశాడు. మంచిని ప్రేమించేవాడు చెడుని అసహ్యించుకోక తప్పదన్నది ఆయన వాదం. దేవుడికి కోపతాపాలు ఉండవన్న గ్రీకు తత్వవేత్తలకి అది జవాబు. "పగతీర్చుట నా పని" అని దేవుడు అన్నట్టు పౌలు రోమా పత్రిక పన్నెండో అధ్యాయంలో రాస్తాడు. అది బాధితుడి చేతిలోని కత్తిని దించే మాట. పగ తీర్చేవాడు ఒకడున్నాడన్న నమ్మకం లేకపోతే ఆ కత్తి దిగడం కష్టం.

అయితే ఎందాక? ప్రకటన గ్రంథంలో చంపబడినవారి ఆత్మలు బలిపీఠం కింద నుంచి "ఎందాక" అనే అరుస్తాయి. దీర్ఘశాంతం దోషికి వరం. బాధితుడికి అది అన్యాయంలాగే ఉంటుంది. నా దృష్టిలో దయకీ కోపానికీ మధ్య ఉన్న అసలు ముడి ఇదే. దేవుడి మనసులో రెండు గుణాలు కొట్టుకుంటున్నాయన్నది మనం ఊహించుకున్న సమస్య. ఆయన ఆలస్యం వల్ల నలిగిపోయేవాళ్ళకి ఆయన ఏం జవాబు చెబుతాడన్నది నిజమైన సమస్య.

పౌలుకి ఈ సమస్య తెలుసు. రోమా పత్రిక మూడో అధ్యాయంలో సిలువ గురించి చెబుతూ, పూర్వం చేసిన పాపాలను దేవుడు తన ఓరిమివలన ఉపేక్షించాడు కాబట్టి, తన నీతిని కనపరచుకోవాలని క్రీస్తును కరుణాధారముగా బయలుపరిచాడు అంటాడు. ఎన్నిసార్లు చదివానో, ఈ మాట మాత్రం చాలా ఆలస్యంగా నా కళ్ళబడింది. ఇక్కడ ప్రశ్నకి నిలబడింది దేవుడే. ఇంతకాలం ఓర్చుకున్నావు, నీకు న్యాయం ఉందా అన్న ప్రశ్నకి ఆయన ఇచ్చిన జవాబు సిలువ.

'కరుణాధారము' అన్న మాటకి మూలంలో ఉన్న గ్రీకు పదం మీద ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద వాదమే నడిచింది. అది పాపాన్ని తుడిచేయడమే గాని కోపాన్ని చల్లార్చడం కాదని బ్రిటన్ పండితుడు సి.హెచ్. డాడ్ అన్నాడు. కోపాన్ని పక్కన పెడితే రోమా పత్రిక మొదటి మూడు అధ్యాయాలకి అర్థమే ఉండదని ఆస్ట్రేలియా పండితుడు లియోన్ మోరిస్ 1955లో ఎదురు రాశాడు. వాదంలో నేను మోరిస్ వైపే ఉంటాను. మన తెలుగు అనువాదకులు మాత్రం మంచి మాట పట్టుకున్నారని నాకనిపిస్తుంది. అదే గ్రీకు పదం హెబ్రీ పత్రికలో మందసం, అంటే ఆజ్ఞల పలకలుంచిన పెట్టె, మీది మూతకి వాడితే దాన్ని 'కరుణాపీఠము' అన్నారు. రక్తం చిలకరించే చోటుకీ, సిలువ మీది మనిషికీ కరుణ అనే మాటే పెట్టారు.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. గుడ్ ఫ్రైడే ఆరాధనల్లో తరచూ ఒక జడ్జి కథ చెబుతారు. నేరస్థుడికి శిక్ష వేసి, ఆ శిక్ష తన కొడుక్కి వేయించిన జడ్జి కథ. విన్నవాళ్ళు ఏడుస్తారు కూడా. కానీ ఆ కథలో తండ్రి కోపం, కొడుకు ప్రేమ వేరైపోతాయి. మార్సియన్ మళ్ళీ వెనక తలుపులోంచి వచ్చేస్తాడు. పౌలు అలా చెప్పలేదు. దేవుడు క్రీస్తునందు లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడు అన్నాడు. సిలువ మీద ఉన్నది మూడో మనిషి కాదు. ఓర్చుకున్నవాడే ఆ ఓర్పు వల్ల నలిగినవాళ్ళ చోటుకి దిగి వచ్చాడు. అధికారులు ఒప్పుకుని, గుంపు అరిచి, న్యాయస్థానం చేతులు కడుక్కుని చంపిన మనిషి చోటుకి. చుండూరు బాధితులకి ఇది పూర్తి జవాబని నేను అనను. తీర్పు ఇంకా రావాల్సి ఉంది, "ఎందాక" అన్న కేక ఇంకా ఆగలేదు. కానీ ఆ కేక వేసేవాళ్ళ గుంపులో దేవుడు కూడా ఉన్నాడని చెప్పే మతం నాకు ఇదొక్కటే తెలుసు.

పిన్ని దగ్గరికి వస్తాను. లూకా 13లో జనం యేసు దగ్గరికొచ్చి, రోమా అధిపతి పిలాతు చంపించిన గలిలయుల సంగతి చెప్పారు. ఆయన సిలోయము గోపురం కూలి చచ్చిన 18 మంది సంగతి తనే ఎత్తి, వాళ్ళు యెరూషలేములో అందరికంటే పెద్ద అపరాధులనుకుంటున్నారా, కాదు అన్నాడు. ఖండితంగా కాదు అన్నాడు. ఆ తర్వాత మారుమనస్సు గురించి ఆయన గట్టిగా మాట్లాడింది బతికున్నవాళ్ళతో, చచ్చిపోయినవాళ్ళ అమ్మలతో కాదు. ఆదరణ కూడికలో మైకు పట్టుకునే ప్రతివాళ్ళూ ఈ అయిదు వచనాలు ముందు చదవాలని నా కోరిక. బైబిల్లో ప్రవక్తలు ఉగ్రత గురించి మాట్లాడింది ఎక్కువగా రాజుల ముందు, తప్పుడు తూకం వేసే వర్తకుల ముందు, విధవరాళ్ళ ఇళ్ళు మింగేవాళ్ళ ముందు. మనం దాన్ని తెచ్చి చాప మీద కూర్చున్న తల్లి ముందు పెట్టాం.

పోయిన క్రిస్మస్‌కి వెళ్ళినప్పుడు పిన్నికి ఆ అధ్యాయం చదివి వినిపించాను. గోపురం దగ్గర ఆపుదామనుకున్నాను గాని, ఆవిడ చదవమంది. తర్వాతది కాయని అంజూరపు చెట్టు కథ. మూడేళ్ళు చూశాను, నరికెయ్యి అంటాడు యజమాని. చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను, ఈ ఏడు కూడా ఉండనివ్వు అంటాడు తోటమాలి. కథ అక్కడితో అయిపోతుంది, చెట్టు కాసిందో లేదో లేదు. పిన్ని కాసేపు ఊరుకుని, "ఎరువు మొయ్యాల్సింది ఆ తోటమాలేగా" అంది.