షూరిటీ సంతకం లేనిదే హీరో లేడు

కావ్యనాయకుల వ్యక్తిత్వ వికాసం మీద పండితులు చాలా రాశారు. ధైర్యమన్నారు, త్యాగమన్నారు, గురుకృప అన్నారు. షూరిటీ సంతకం మాట ఎవరూ ఎత్తలేదు. ఆ లోటు తీర్చే అర్హత నాకుంది. పోయినేడు హన్మకొండ చౌరస్తాల, ఒక చాయ్, రెండు సమోసాల మీద, మా దోస్తు ఎత్తుకున్న చిట్టీకి సంతకం పెట్టినవాణ్ణి. ఆయన కిస్తులు కట్టడం ఆపిండు, ఫోన్ ఎత్తడమూ ఆపిండు. నోటీసులు మాత్రం ఆగలేదు, నా పేరు మీదే వస్తున్నయ్. నా వ్యక్తిత్వం అప్పట్నుంచే వికసిస్తోంది.

రామాయణం చూడండి. సుగ్రీవుడు అన్నకు భయపడి ఋష్యమూకం ఎక్కి కూర్చున్నవాడు. రాముడితో దోస్తానా అగ్నిసాక్షిగా కుదిరింది, అంటే రిజిస్ట్రేషన్ పక్కా. అయినా అనుమానమే. ఒక్క బాణంతో ఏడు సాలవృక్షాలు చీల్చి చూపిస్తే గానీ నమ్మలేదు. చిట్టీ వాళ్లు నన్ను పే స్లిప్ అడిగారంతే. తర్వాత వాలి పడ్డాడు, కిష్కింధ చేతికొచ్చింది. వానలన్ని రోజులూ ఆగుదామన్నారు, సరే. వానలు వెలిసినా మనవాడు అంతఃపురం వదల్లేదు. ఇక వసూలుకు లక్ష్మణుడు బయల్దేరాడు. రాముడు పంపిన కబురు ఇది: వాలి పోయిన తొవ్వ ఇంకా మూసుకుపోలేదు. ఇంత పొట్టి నోటీసు నేనింకా అందుకోలేదు. లక్ష్మణుడు వింటినారి మోగిస్తుంటే సుగ్రీవుడు లోపలే ఉండి తారను పంపాడు. ‘ఆయన ఇంట్ల లేడు సార్, ఊరికి పోయిండు’ అని మా గల్లీలో ఏ ఇల్లాలు చెప్పినా నాకు తారే యాదికొస్తది. కాకపోతే తార అబద్ధమాడలేదు. ఇక వికాసం చూడండి: నిన్నటిదాకా మత్తులో ఉన్నవాడే నాలుగు దిక్కుల కొండలూ నదులూ ఏకరువు పెట్టి, నెల గడువిచ్చి, వానరులను తరిమాడు.

కర్ణుడికి అంగరాజ్యం నిండు సభలో ఉత్తగనే వచ్చింది. ఉత్తగ వచ్చినదానికే మిత్తి ఎక్కువ. యుద్ధానికి ముందు కృష్ణుడు ‘పాండవుల్లో పెద్దోడివి నువ్వే, రాజ్యం నీదే’ అంటే, 13 ఏళ్లు దుర్యోధనుడి అండన రాజ్యమేలాను, ఇప్పుడు వదల్లేనన్నాడు. అసలు కింద ప్రాణం జమ చేశాడు. ద్రోణుడి సంగతి అడగనే వద్దు. రాజుకూ పేదకూ దోస్తానేందని ద్రుపదుడన్న ఒక్క మాటకు సగం పాంచాలం పోయింది, పగ తీర్చడానికి ధృష్టద్యుమ్నుడు అగ్నిలోంచి పుట్టుకొచ్చాడు.

మెసొపొటేమియా పాత కావ్యంలోని గిల్గమేష్ ఒక్కడే నా సిద్ధాంతానికి లొంగలేదు. ఉరుక్ రాజు, జనాన్ని పీడించినవాడు, ఎంకిడుతో కుస్తీ పట్టి దోస్తయ్యాడు. ఎంకిడు పోతే ఆరు పగళ్లు, ఏడు రాత్రులు శవాన్ని పూడ్చనివ్వలేదు, ముక్కులోంచి పురుగు రాలేదాకా. ఇక్కడ ఎవరూ ఎవరికీ బాకీ లేరు. ఈ పేరా కొట్టేద్దామనుకున్నా. చెయ్యి రాలేదు.

మన పాత వరంగల్ జిల్లా బమ్మెర పోతన చెప్పిన కుచేలుడూ ఏమీ అడగలేదు. పాత బట్టలో మూటగట్టిన అటుకులు తెచ్చాడు. కృష్ణుడు ఒక పిడికెడు తిని రెండోది తీసుకోబోతే రుక్మిణి చెయ్యి పట్టుకుంది. ఇది చదివి మా ఇంటామెకు వినిపించిన. ఏమీ అనలేదు.

నిన్న సాయంత్రం ఫోన్ మోగింది. దోస్తే. ‘అన్నా, చౌరస్తకు రారాదే, సమోసాలు వేడిగున్నయ్’ అన్నడు. అంగీ తొడుక్కుని జేబు తడుముకుంటే పెన్ను లేదు.