కార్మికుల రాజ్యంలో కార్మికులు అడిగినవి

తూర్పు ఐరోపాలో సోవియట్ నమూనా గురించి మన దగ్గర వాదన మొదలైతే అది ఇప్పటికీ రెండు మాటల దగ్గరే ఆగిపోతుంది. ఇల్లు, చదువు, వైద్యం ఇచ్చిందని ఒకరు. జైళ్లు, ట్యాంకులు తెచ్చిందని మరొకరు. రెండింటికీ ఆధారాలున్నాయి. అయితే ఆ వ్యవస్థ ఎవరి పేరు చెప్పి పాలించిందో ఆ రైతులు, కార్మికులు ఏమన్నారన్నది ఇద్దరికీ పట్టదు. తీర్పు చెప్పే హక్కు మొదట వారిదేనని మేము నమ్ముతున్నాం.

హంగేరీనే తీసుకుందాం. 1945 మార్చిలో అక్కడి తాత్కాలిక ప్రభుత్వం భారీ ఎస్టేట్లను రద్దుచేసి 6 లక్షలకు పైగా కుటుంబాలకు భూమి పంచింది. తరతరాలుగా ప్రభువుల పొలాల్లో కూలి చేసినవారి చేతికి పట్టా వచ్చింది. ఆ సంస్కరణ గొప్పతనాన్ని తక్కువ చేసి చూపడం అన్యాయం. కానీ నాలుగేళ్లు తిరగకముందే ఆ రైతునే ఉమ్మడి క్షేత్రంలో చేరమని ఒత్తిడి చేశారు, ప్రభుత్వానికి తప్పనిసరిగా ఇవ్వాల్సిన ధాన్యం వాటాగా తలకు మించిన లెవీ విధించారు. ఇళ్ల అటకల మీద దాచుకున్న గింజలను అధికారులు చీపురుతో ఊడ్చుకుపోయారు. విత్తనానికి ఉంచుకున్నవీ మిగల్లేదు. దానికి కొద్ది ఏళ్ల ముందే, నిజాం పాలనలోని బలవంతపు లెవీపై తెలంగాణ రైతు కమ్యూనిస్టుల నాయకత్వంలో తిరగబడ్డాడు. లెవీ వసూలుకు వచ్చిన మనిషి చేతిలో ఏ జెండా ఉన్నా రైతు ఇంట్లో ఖాళీ అయ్యేది అదే గాదె.

పట్టణాల్లోనూ ఇదే కథ. తూర్పు బెర్లిన్‌లో స్టాలిన్ పేరిట కట్టిన రాజవీధి మీద శ్రామికుల కోసం భవంతులు లేపుతున్న తాపీ పనివారే, జీతం పెంచకుండా పని కోటాను 10 శాతం పెంచినందుకు 1953 జూన్‌లో పనిముట్లు దించి వీధిలోకి వచ్చారు. మర్నాడు సోవియట్ ట్యాంకులు వచ్చాయి. 1956 జూన్‌లో పోలండ్‌లోని పొజ్నాన్ ఫ్యాక్టరీ కార్మికులు రొట్టె, స్వేచ్ఛ కావాలంటూ నడిచారు. సైన్యం కాల్పుల్లో 50 మందికి పైగా చనిపోయారు.

ఆ ఏడాది అక్టోబర్‌లో హంగేరీ రాజధాని బుడాపెస్ట్ తిరగబడింది. నవంబర్ 4న సోవియట్ సేనలు నగరాన్ని తొక్కిన తర్వాత కూడా లొంగనివి కర్మాగారాలే. కార్మికులు తమ మండళ్లను తామే ఎన్నుకుని, నగరమంతటికీ ఒక కేంద్ర మండలిని ఏర్పరచుకున్నారు. వారు పాత యజమానులను వెనక్కి పిలవలేదు. ఫ్యాక్టరీలు, భూమి ప్రజల ఆస్తిగానే ఉండాలన్నారు. సమ్మె హక్కు, స్వేచ్ఛగా ఎన్నికలు, సోవియట్ సేనల ఉపసంహరణ కోరారు. ఆ మండలికి అధ్యక్షుడైన శాందోర్ రాత్స్ వయసు 23. ఫ్యాక్టరీలో పనిముట్లు తయారుచేసే కార్మికుడు. చర్చలకని పార్లమెంటు భవనానికి పిలిపించి డిసెంబర్ 11న అతన్ని అరెస్టు చేశారు, ఆ తర్వాత యావజ్జీవం వేశారు. కార్మికవర్గ ప్రభుత్వమని చెప్పుకున్నవారు కార్మికులు ఎన్నుకున్న నాయకుడికి చేసింది ఇది! ఆ తిరుగుబాటును విదేశీ కుట్ర అనడానికి మాకు మనసొప్పదు.

1980 ఆగస్టులో పోలండ్ రేవు నగరం గ్డాన్‌స్క్‌లో, లెనిన్ పేరున్న ఓడల కర్మాగారంలో క్రేను నడిపే అన్నా వాలెంతినోవిచ్‌ను పింఛనుకు కొద్ది నెలల ముందు పనినుంచి తీసేశారు. ఆమెను తిరిగి తీసుకోవాలంటూ మొదలైన సమ్మెలో 21 కోర్కెలను ప్లైవుడ్ పలకల మీద రాసి గేటుకు వేలాడదీశారు. పార్టీతో సంబంధం లేని స్వేచ్ఛా కార్మిక సంఘం మొదటిది. తల్లులకు మూడేళ్ల జీతంతో సెలవు, పిల్లలకు శిశు సంరక్షణ కేంద్రాలు, సొంత ఫ్లాటు కోసం ఏళ్ల తరబడి నిరీక్షణ తగ్గింపు, పోలీసులకూ పార్టీ యంత్రాంగానికీ ఉన్న ప్రత్యేక సదుపాయాల రద్దు కూడా అందులో ఉన్నాయి. నోరు తెరిచే హక్కునూ కడుపు నింపే హక్కునూ వారు విడదీయలేదు.

పశ్చిమ ఐరోపా పాలకులు కూడా ఇలాంటి కోర్కెల బలాన్ని చాలా ముందే ఎరుగుదురు. 1946 ఎన్నికల్లో ఫ్రాన్స్‌లో కమ్యూనిస్టులకు 28 శాతం ఓట్లు వచ్చాయి. బ్రిటన్ 1948లో అందరికీ ఉచిత వైద్యం ప్రవేశపెట్టింది. అక్కడి కార్మికోద్యమం కొట్లాడి సాధించుకున్న హక్కులకు సోవియట్ భయం కూడా అండగా నిలిచిందన్నది మా అంచనా. ఆ భయం పోయాక ఉద్యోగ భద్రతపై, సంఘాలపై దాడి సులువైంది.

1989లో తూర్పు ఐరోపా కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలిన తర్వాత గెలిచామని చెప్పుకున్నవారు ఆ 21 కోర్కెల్లో మొదటిదాన్ని పండుగ చేసుకుని మిగతావాటిలో చాలా భాగాన్ని పక్కనపెట్టారు. గ్డాన్‌స్క్ ఓడల కర్మాగారం 1996లో దివాలా తీసింది. తమ సమ్మెతో ఒక సామ్రాజ్యాన్ని కదిలించిన కార్మికులు ఉపాధి ఉంటుందో ఊడుతుందో తెలియని స్థితిలో పడ్డారు. వామపక్ష పార్టీలు తమ శిక్షణ తరగతుల్లో బుడాపెస్ట్ మండలి డిమాండ్లను చదివించాలి. మార్కెట్‌ను పొగిడేవారు గ్డాన్‌స్క్ పలకల మీది కోర్కెలన్నిటినీ చివరిదాకా చదవాలి.