పొడవైన ట్రాక్ కొంటే చాలా? మంచు బైకు కిట్ల గురించి తిరుగుతున్న మాటకు జవాబు

చలికాలం దగ్గర పడితే చాలు, అమెరికా, కెనడాల్లో ఉన్న మన కుర్రకారు మధ్య ఒక మాట మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. వాట్సాప్‌లో తిరిగి తిరిగి హైదరాబాదు, విజయవాడల దాకా కూడా వస్తుంది. సారాంశం ఇది: "ఏ మోటారు సైకిలుకైనా ముందు చక్రం తీసి స్కీ (మంచు మీద జారే పలక), వెనక చక్రం తీసి ట్రాక్ (చక్రం బదులు తిరిగే రబ్బరు పట్టీ) బిగిస్తే రెండు గంటల్లో మంచు బైకు సిద్ధం. కిట్లన్నీ ఒకటే, తేడా పొడవులో మాత్రమే. 137 అంగుళాల ట్రాక్ కొనేస్తే ఎలాంటి మంచులోనైనా తిరగొచ్చు. స్నోమొబైల్ (మంచు కోసమే తయారుచేసిన బండి) కన్నా చవక. బండి తేలిక కాబట్టి మంచుచరియల భయమూ ఉండదు."

ఇందులో చవక అన్న ముక్క ఒక్కటే సగం నిజం. మిగతావి నమ్మి డబ్బు పెడితే డబ్బే పోతుంది, చివరిది నమ్మితే ప్రాణమే పోవచ్చు.

"137 కొంటే ఎక్కడైనా సరిపోతుంది"

ఎక్కువమందిని తప్పుదారి పట్టిస్తున్నది ఇదే కాబట్టి దీనితోనే మొదలుపెడతాను. 120, 129, 137 అనే అంకెలు ట్రాక్ నేలను తాకే పొడవు కావు. అవి రబ్బరు పట్టీ మొత్తం చుట్టుకొలత. పట్టీలో సగం పైన టన్నెల్ (ట్రాక్‌ను కప్పే తొడుగు) కింద తిరుగుతుంటే, సగానికి కాస్త అటూ ఇటూ మాత్రమే మంచు మీద ఉంటుంది. అంటే 120కి, 137కి మధ్య 17 అంగుళాల తేడా నేల మీదకు వచ్చేసరికి ఎనిమిది, తొమ్మిది అంగుళాలే. ఈ ట్రాక్‌ల వెడల్పు సుమారు 11 అంగుళాలు. లెక్క వేస్తే అదనంగా దొరికే ఆనిక వంద చదరపు అంగుళాల లోపే.

ఆ కాస్త ఆనికకూ విలువ ఉన్న చోట్లు ఉన్నాయి, కాదనను. కొలరాడోలో జనవరి మంచు పొడిగా, ఊదితే ఎగిరేంత తేలికగా ఉంటుంది. అలాంటి మంచు నడుము లోతున పడినప్పుడు పొట్టి ట్రాక్ తనకు తానే గొయ్యి తవ్వుకుని అందులో కూర్చుంటుంది. పొడవాటిది పైకి తేలుతుంది. నిట్టనిలువు ఎక్కుడులో అదనపు పొడవు బండి తోక వైపు ఉంటుంది కాబట్టి ముందు స్కీ గాల్లోకి లేచి వెనక్కి పడేసే ప్రమాదమూ తగ్గుతుంది.

అదే బండిని సియాటిల్ పక్కనున్న కాస్కేడ్ కొండలకు తీసుకెళ్లండి. పసిఫిక్ తేమ మోసుకొచ్చిన అక్కడి మంచు బరువుగా, తడిగా ఉంటుంది. పొట్టి ట్రాక్‌ను కూడా అది హాయిగా మోస్తుంది. అక్కడ చెట్ల మధ్య ఇటూ అటూ వంచుతూ నడపాలి. 137 అక్కడ మలుపు తిరగడానికి మొండికేస్తుంది, ప్రతి మలుపులోనూ భుజాలతో లాగాల్సి వస్తుంది. పొడవాటి ట్రాక్‌ను తిప్పడానికే ఇంజిన్ శక్తిలో కొంత ఖర్చవుతుంది కూడా.

ఇక గట్టిపడిన బాట. మిన్నెసోటా, విస్కాన్సిన్ వైపు యంత్రాలతో చదును చేసి నొక్కిన స్నోమొబైల్ బాటలే ఎక్కువ. లోతు మంచుకోసం చేసిన రెండున్నర అంగుళాల లగ్గుల (పట్టీ మీద పొడుచుకొచ్చిన పళ్ల) ట్రాక్ వేసుకుని అక్కడికి వెళ్లడమంటే, దమ్ము చేయడానికి బిగించిన కేజ్‌వీల్స్‌తో ట్రాక్టరును తారు రోడ్డెక్కించడమే. లగ్గులు వంగిపోతాయి, వణుకుతాయి, వేడెక్కుతాయి. దానికన్నా పెద్ద చిక్కు హైఫ్యాక్స్‌ది. ట్రాక్ లోపలి పట్టాల కింద ఉండే ఈ ప్లాస్టిక్ పట్టీలను చల్లబరిచేదీ, జారేలా చేసేదీ మంచే. గట్టి ఐసు మీద విడి మంచు లేచి లోపలికి చేరదు. కొన్ని కిలోమీటర్లకే ప్లాస్టిక్ కరగడం మొదలై ట్రాక్ పట్టేస్తుంది. ఐస్ స్క్రాచర్లు అనే స్ప్రింగు పుల్లలు బిగిస్తే అవి బాటను గీకి కాస్త మంచు పొడిని లోపలికి చిమ్ముతాయి. పొడవాటి బాటల మీద తిరిగేవాళ్లకు ఇది అలంకారం కాదు, అవసరం.

మరొకటి, ట్రాక్ గురించి ఇంత మాట్లాడేవాళ్లు ముందున్న స్కీని పట్టించుకోరు. వెడల్పు స్కీ లోతు మంచులో తేలుతుంది. గట్టి బాట మీద బండి గీత తప్పకుండా ఉండాలంటే స్కీ అడుగున ఉండే కీల్ పదునుగా, లోతుగా ఉండాలి. స్నోమొబైల్‌కు ముందు రెండు స్కీలుంటాయి, దీనికి ఒక్కటే. ముందు వెళ్లిన బండ్లు చేసిన గాడిలో పడితే ఆ ఒక్క స్కీ ఎటు లాగితే అటు పోవాలి. నా మటుకు, తిరిగేది ఎక్కువగా బాటల మీదే అయితే మంచు బైకు ఆలోచనే మానుకోమంటాను. ఆ పనికి స్నోమొబైల్ అన్నివిధాలా మేలు.

"కిట్లన్నీ ఒకటే"

పైకి చూస్తే అలాగే అనిపిస్తుంది. స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) విప్పేసి అదే పివట్ బోల్టుకు టన్నెల్ తగిలిస్తారు. ఇంజిన్ నుంచి వచ్చే చైను ముందుగా జాక్‌షాఫ్ట్ అనే మధ్య ఇరుసును తిప్పుతుంది, అది ట్రాక్‌ను తిప్పుతుంది. వెనక షాక్ (కుదుపులు మింగే భాగం) ఉండే చోటు నుంచి టన్నెల్‌కు ఒక స్ట్రట్, అంటే ఊతకడ్డీ, వస్తుంది. ఏ కంపెనీ కిట్టుకైనా అస్థిపంజరం ఇదే.

తేడాలు ఆ ఎముకల మధ్యే ఉన్నాయి. స్ట్రట్‌నే తీసుకోండి. అది బిగుసుకున్న కడ్డీ అయితే ట్రాక్‌కు తగిలిన ప్రతి దెబ్బా నేరుగా బండి చట్రానికి, అక్కడి నుంచి నడిపేవాడి నడుముకు చేరుతుంది. దాని స్థానంలో షాక్ ఉంటే బండి కాస్త ముడుచుకుని, ముందు భాగం నేలకు అతుక్కుని ఉంటుంది. ట్రాక్ అడ్డుకోతనూ చూడాలి. అంచుల్లో లగ్గులు పొట్టిగా, నడుమ పొడవుగా ఉంటే బండిని పక్కకు వంచడం తేలిక. చదునుగా ఉంటే ఆనిక ఎక్కువే గాని, వంచినప్పుడు అంచు మీద నిలబడి మొండికేస్తుంది.

ఐడహో రాష్ట్రంలోని శాండ్‌పాయింట్‌లో పుట్టిన టింబర్‌స్లెడ్ ఈ కిట్లను జనంలోకి తెచ్చిన పేరు. 2015లో పొలారిస్ దాన్ని కొనేసింది. ఒకే కంపెనీ అయినా ఆరో (ARO) పేరుతో 120, 137 రెండూ వేర్వేరుగా ఎందుకు చేసినట్టు? రయట్ అని ఆటపాటలకు, ముందు స్కీని లేపి విన్యాసాలు చేయడానికి వేరే మోడల్, పిల్లల చిన్న బైకులకు రిప్పర్ అని మరొకటి ఎందుకు తెచ్చినట్టు? కిట్లన్నీ ఒకటే అయితే ఒక్కటి చేసి ఊరుకునేవాళ్లు. కెనడా కంపెనీ కామ్సో డీటీఎస్ 129 పేరుతో మధ్యస్థమైన పొడవును ఎంచుకుంది. అన్నింటిలో కొంత, దేనిలోనూ పూర్తిగా కాదు అన్న రాజీ అది, రాజీగా చెడ్డదేమీ కాదు. ఆల్బర్టాకు చెందిన యేటి (Yeti) కంపెనీ కార్బన్ ఫైబర్ వాడి బరువు తగ్గించే దారి పట్టింది. తేలికైన కిట్టు తిప్పడానికి సుఖంగా ఉంటుంది, జేబుకు మాత్రం కాదు.

పోటీల సంగతి వేరు. 2017లో ఆస్పెన్‌లో జరిగిన శీతాకాలపు ఎక్స్ గేమ్స్ అనే సాహస క్రీడల పోటీల్లో మంచు బైకుల రేసు మొదటిసారి పెట్టారు. బ్రాక్ హోయర్ బంగారు పతకం గెలిచాడు. ఆ పోటీ జరిగింది నొక్కి గట్టిపరిచిన రేసు బాట మీద, ఎత్తైన దూకుళ్ల మధ్య. అక్కడ కావలసింది పొట్టి ట్రాక్, గట్టి సస్పెన్షన్. ఆ వీడియో చూసి ముచ్చటపడి, అదే అమరికతో లోతు మంచులోకి దిగినవాడు పగలంతా పార పట్టుకునే గడుపుతాడు.

"ఏ మోటారు సైకిలుకైనా"

కిట్టు నేరుగా బండికి ఎక్కదు. మధ్యలో ఫిట్ కిట్ అని ఒకటి ఉంటుంది. ఒక్కో మోడల్‌కు, చాలాసార్లు తయారైన సంవత్సరాన్ని బట్టి కూడా అది వేరుగా ఉంటుంది. అవి ప్రధానంగా దొరికేవి యమహా, హోండా, కవాసాకీ, కేటీఎం, హస్క్‌వార్నా వంటి కంపెనీలు మట్టి దారుల రేసుల కోసం చేసే మోటోక్రాస్, ఎండ్యూరో బైకులకు. మన రోడ్ల మీద తిరిగే బండ్లకు కాదు.

ఇక్కడ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌ను ఉదాహరణగా చూపిస్తున్నారు. 2021లో ఆ కంపెనీ బండ్లు దక్షిణ ధ్రువానికి వెళ్లిన మాట నిజమే. కానీ అవి ట్రాక్ కిట్లతో వెళ్లలేదు. మేకులు కొట్టిన టైర్లతో, వాహనాలు నొక్కి గట్టిపరిచిన మంచు దారి మీద వెళ్లాయి. నాటి హిమాలయన్ బరువు సుమారు 200 కిలోలు, శక్తి 24 హార్స్‌పవర్. మంచు బైకులకు ఎక్కువగా వాడే 450 సీసీ మోటోక్రాస్ బండి బరువు 110 కిలోల దగ్గర, శక్తి 50 హార్స్‌పవర్ పైమాటే. చక్రం కన్నా ట్రాక్ తిప్పడానికి ఎంతో ఎక్కువ శక్తి కావాలి. పైగా టర్బో లేని ఇంజిన్ ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ సుమారు మూడు శాతం బలం కోల్పోతుంది. కొలరాడోలో 3,250 మీటర్ల ఎత్తున్న వెయిల్ పాస్‌కు చేరేసరికి 50లో 35 మిగిలితే గొప్ప. కొండల్లో 250 సీసీ ఫోర్ స్ట్రోక్ బండ్లు ఆయాసపడేది అందుకే. 300 సీసీ టూ స్ట్రోక్ తేలికగా ఉంటుంది, దాన్ని ఇష్టపడేవాళ్లు తక్కువేమీ లేరు. కార్బురేటర్ ఉన్న బండి అయితే ఎత్తు మారినప్పుడల్లా జెట్లు (పెట్రోలును కొలిచి పంపే చిన్న ముక్కలు) మార్చుకోక తప్పదు.

(సోలాంగ్‌లోనో, గుల్మార్గ్‌లోనో "స్నో బైక్" ఎక్కి ఫోటో దిగినవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. వాళ్లు ఎక్కినది ఎక్కువ సందర్భాల్లో స్నోమొబైలే. దానికీ ఈ కిట్లకూ సంబంధం లేదు.)

"రెండు గంటల్లో"

రెండోసారో, మూడోసారో అయితే, చేయి తిరిగినవాడికి కొన్ని గంటలు చాలు. మొదటిసారి మాత్రం శని, ఆదివారాలు రెండూ దానికే రాసిపెట్టుకోండి. చైను వరస చూడాలి, బ్రేకు గొట్టాల్లో గాలి తీయాలి. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది.

మోటోక్రాస్ ఇంజిన్ ఎండలో, దుమ్ములో పరిగెత్తడానికి చేసినది. వాటిలో చాలావాటికి ఇంజిన్ వేడిని నిలిపి ఉంచే థర్మోస్టాట్ ఉండదు. సున్నాకు కింద పది, పదిహేను డిగ్రీల చలిలో ఆ ఇంజిన్ వేడెక్కనే వేడెక్కదు. కాలని పెట్రోలు, ఆవిరైపోవలసిన నీరు రెండూ వెళ్లి నూనెలో కలుస్తాయి, నూనె పలచబడుతుంది. అందుకే థర్మోస్టాట్ విడిగా కొని పెట్టాలి, ఇంజిన్‌కు కప్పు తొడగాలి, నూనె తరచుగా మార్చాలి. గాలి పీల్చే చోట మంచు పొడి చేరి ఫిల్టరు గడ్డకడుతుంది. నీరంటని జాలీ కప్పకపోతే బండి కొండ మధ్యలో ఊపిరాడక ఆగిపోతుంది. ఇవేవీ ఆ రెండు గంటల లెక్కలోకి రావు, కిట్టు ధరలోకి కూడా సాధారణంగా రావు.

"చవక"

తగిన బైకు ఇప్పటికే ఇంట్లో ఉంటే నిజమే. కిట్టుకు కొన్ని వేల డాలర్లు అవుతుంది. కొండల మీద నడిచే కొత్త స్నోమొబైల్‌కు అంతకు రెండింతలకు పైనే పెట్టాలి. బైకు కూడా కొనాల్సి వస్తే ఆ తేడా దాదాపు కరిగిపోతుంది. ఫిట్ కిట్, థర్మోస్టాట్, వేడి పిడులు, అదనపు పెట్రోలు డబ్బా కలుపుకోండి. మంచులో ఇంజిన్ విశ్రాంతి లేకుండా పూర్తి బరువు మీద నడుస్తుంది. పోటీ ఇంజిన్లకు పిస్టన్ మార్చేది నడిచిన గంటలను బట్టి కాబట్టి ఆ ఖర్చూ త్వరగానే తలుపు తడుతుంది.

"తేలిక బండి, మంచుచరియల భయం లేదు"

ఇది మాత్రం పచ్చి అబద్ధం. కొండవాలున బలహీనమైన పొర మీద మంచు పేరుకున్నప్పుడు, దాన్ని కదిలించడానికి ఒక్క స్కీ ఆటగాడి బరువు చాలు. మనిషితో కలిపి రెండు వందల కిలోలు దాటే బండి తేలికెలా అవుతుంది? పలకగా విరిగిపడే మంచుచరియలు ఎక్కువగా పుట్టేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. మంచు బైకు సరదాగా ఎక్కేది సరిగ్గా ఆ వాలులే. ఇరుకైన బండి కావడంతో స్నోమొబైల్ దూరలేని చెట్ల సందుల్లోకి, సన్నటి లోయల్లోకి దూరుతుంది. అక్కడ చరియ పడితే పక్కకు తప్పుకునే చోటు ఉండదు. పెద్ద చెట్ల మొదళ్ల చుట్టూ మెత్తటి మంచు దాచిన గోతులు మరో ప్రమాదం.

కప్పుకుపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పది, పదిహేను నిమిషాలు దాటితే వేగంగా పడిపోతుంది. అంత తక్కువ సమయంలో బయటి నుంచి సాయం రాదు, తవ్వి తీయవలసింది పక్కనున్న మిత్రులే. అందుకు వాలులో ఒకరి తర్వాత ఒకరు దాటాలి, మిగతావాళ్లు సురక్షితమైన చోట నిలబడి చూడాలి. ప్రతి ఒక్కరి ఒంటి మీదా బీకన్ (మంచు కింద ఉన్న మనిషి జాడ తెలిపే సంకేత పరికరం), వీపున పార, వెతికే కడ్డీ ఉండాలి. అవి బండికి కట్టి ఉంచితే బండితోపాటే పోతాయి. బయలుదేరే ముందు ఆ ప్రాంతపు మంచుచరియల సూచన చదవాలి. అమెరికా, కెనడాల్లోని చాలా కొండ ప్రాంతాలకు చలికాలంలో దాన్ని రోజూ ఉచితంగా ఇస్తారు.