పైపుకి రిబ్బన్ ఎక్కడ కట్టాలి?

చెన్నైలో కొందరు ఈ మధ్య పాత నీళ్ల పైపులు మార్చమని గొడవ చేస్తున్నారు. పెరంబూరులో మా వీధి చివరింటి బావగారైతే ఏకంగా అర్జీ రాసి పది ఇళ్లలో సంతకాలు కూడా పెట్టించారు. ఈ ధోరణిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. వయసు మళ్లిన ఇనప పైపు, ఎవరి జోలికీ పోకుండా మట్టిలో పడుకుని ఉంది. దాన్ని పట్టుకుని పీకెయ్యండి అనడానికి నోరెలా వచ్చింది? మన ఇళ్లలో ముసలివాళ్లను ఇలాగే చూస్తామా? (చూస్తామనుకోండి. అది వేరే వ్యాసం.)

పోయినేడు లీకు కోసం రోడ్డు తవ్వినప్పుడు కోసి తీసిన పైపు ముక్క ఒకటి బావగారు ఇంటికి తెచ్చుకుని తులసికోట పక్కన పెట్టుకున్నారు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు. నాకూ చూపించారు. పైకి చూస్తే నాలుగంగుళాల పైపు. లోపల తుప్పు పొర మీద పొర పేరుకుని చెదలపుట్టలా ఉంది. నా వేళ్లు రెండు దూరాయి, మూడోది పట్టలేదు.

"వీధి మొత్తానికి ఇందులోంచే రావాలండీ" అన్నారాయన.

ఇందులో తప్పేముందో నాకు అర్థం కాలేదు. నీళ్లు పొదుపుగా వాడమని చెప్పేది మనమే, పైపు ఆ పని చేస్తుంటే తప్పుపట్టేదీ మనమే.

అసలు ఈ చిక్కంతా జనం వల్ల వచ్చింది. మేడ్లీ అనే ఇంజినీరు రెడ్‌హిల్స్ చెరువు నుంచి నీళ్లు తెచ్చి, 1914లో కీల్పాక్ వాటర్ వర్క్స్ నడిపించాడు. ముందుచూపున్న మనిషి. 1961 నాటికి మద్రాసులో 6.6 లక్షల మంది ఉంటారని లెక్కకట్టి ఆ మేరకు ఏర్పాటు చేశాడు. తీరా 1961లో జనాభా లెక్కలు తీస్తే 17 లక్షల పైచిలుకు! విస్తరాకులు ఆరున్నర లక్షలు కుట్టిస్తే బంతికి పదిహేడు లక్షల మంది కూర్చున్నారు. వంటవాణ్ణి తిట్టి ఏం లాభం? కృతజ్ఞతగా టీ నగర్‌లో ఒక రోడ్డుకి ఆయన పేరు పెట్టారు. వాన గట్టిగా పడితే ఆ పేరుతో ఉన్న సబ్‌వే నిండా నీళ్లే. ఆయన ఆత్మ శాంతించే ఉంటుంది.

తర్వాతివాళ్లు పైపుల్లాంటి చిన్న విషయాల జోలికి పోకుండా దూరదృష్టి పెంచుకున్నారు. ఎంత దూరమంటే శ్రీశైలం దాకా. 1983లో ఎన్టీఆర్, ఎమ్జీఆర్ తెలుగు గంగ ఒప్పందం చేసుకున్నారు. 1996లో కృష్ణ నీళ్లు చెన్నైకి నీళ్లిచ్చే పూండి జలాశయం చేరాయి. ఒప్పందం నాడు పుట్టిన పిల్లాడు నీళ్లొచ్చేసరికి ఎనిమిదో తరగతి. అయినా మన నీళ్లు వచ్చాయని చెన్నై తెలుగువాళ్లం మీసం మెలేశాం. ఆ కాలువ గట్లు దెబ్బతిని నీళ్లు దారిలోనే ఇంకిపోతుంటే, 2002లో పుట్టపర్తి సత్యసాయిబాబా పూనుకుని ట్రస్టు తరఫున బాగు చేయిస్తానన్నారు. ఆ తర్వాత దానికి సాయి గంగ అని పేరు కూడా వచ్చింది. ఒక మరమ్మతుకి పేరు పెట్టడం నేను విన్నది ఆ ఒక్కసారే.

వెలుగోడు, సోమశిల, కండలేరు చుట్టి, ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటి వచ్చిన కృష్ణమ్మకి మా వీధి మలుపు తిరగడమే కష్టంగా ఉంది. ఒకసారి మా అత్తగారు విజయవాడ నుంచి వచ్చారు. మా కృష్ణ నీళ్లేగా అని మురిసిపోతూ గ్లాసు ఎత్తి, ఒక గుక్క తాగి, వాసన చూసి కింద పెట్టేశారు.

"మన నీళ్లేనయ్యా, కానీ దారిలో ఇంకెవరో ఎక్కినట్టున్నారు."

ఎక్కారు మరి. మాకు నీళ్లు వదిలేది పొద్దున కాసేపే. మిగతా వేళ పైపు ఖాళీ. నీళ్లు ఒత్తిడితో పారుతున్నంతసేపూ చిల్లులోంచి బయటికి పోతాయే తప్ప బయటిది లోపలికి రాదు. ఖాళీ అయ్యాక అదే చిల్లు పక్కనున్న మురుగుని లోపలికి పీలుస్తుంది. పైగా ఎవరో ఒకరు పైపుకి దొంగ మోటారు తగిలిస్తే ఆ పీల్చుడు రెట్టింపు. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ఈ మంచినీళ్ల పైపూ మురుగు పైపూ ఎన్నేళ్లుగా పక్కపక్కన పడుకున్నాయో! ఈపాటికి వియ్యం కూడా అందుకుని ఉంటాయి. మేం తాగడానికి ఇరవై లీటర్ల కేను కొనుక్కుంటున్నాం కాబట్టి వాళ్ల సంసారంలో తలదూర్చడం లేదు.

2019 ఎండాకాలంలో చెరువులు ఎండినప్పుడు జోలార్‌పేట నుంచి రైలు మీద నీళ్లు తెచ్చారు. 50 వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. ఆ రోజుల్లో నగరానికి రోజూ ఇస్తున్నది దాదాపు 52 కోట్ల లీటర్లు. అంటే ఆ రైలు తెచ్చింది రెండు వందల వంతుల్లో ఒక వంతు. అయితేనేం, టీవీలన్నీ ఆ రైలునే చూపించాయి. చిల్లులున్న పైపుల్లోంచి రోజూ అంతకంటే ఎక్కువ కారిపోతుంటుంది కదా అని బావగారు అప్పుడు కూడా అన్నారు. కారిపోయే నీళ్లకి ఇంజను లేదు, కూత లేదు. టీవీవాళ్లు ఏం చూపిస్తారు?

సముద్రాన్ని కూడా వదల్లేదు. ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే ప్లాంట్లు కట్టారు. 2010లో మీంజూరు, 2013లో నెమ్మేలి, 2024లో నెమ్మేలిలోనే ఇంకొకటి. రోజుకి 40 కోట్ల లీటర్ల పేరూరు ప్లాంటుకి 2023లో శంకుస్థాపన చేశారు. కరెంటు తగలేసి ఉప్పు పిండుకుని, అంత పవిత్రమైన నీళ్లని తీసుకొచ్చి చివరికి పోసేది మాత్రం మూడో వేలు దూరని పైపుల్లోనే.

పోనీ పైపే మార్చుదామంటే అసలు చిక్కు అక్కడే ఉంది. రిబ్బన్ ఎక్కడ కడతారు? శిలాఫలకం ఎక్కడ పెడతారు? డ్యాముకి గేటెత్తవచ్చు, ప్లాంటులో బటన్ నొక్కవచ్చు, రైలుకి జెండా ఊపవచ్చు. పైపు వేశాక మట్టి కప్పెయ్యాలి. పైగా తవ్వినన్నాళ్లూ జనం తిట్లు. కోట్లు ఖర్చుపెట్టి తిట్లు తిని, చివరికి ఫొటో కూడా లేకుండా పోయే పనికి ఏ నాయకుడు ముందుకొస్తాడు?

అందుకే నేనొక పరిష్కారం సూచిస్తున్నాను. పైపులన్నీ భుజాల ఎత్తున గాల్లో వేయాలి. ఒక్కో పైపు మీద ఒక్కో నాయకుడి పేరు. ప్రతి వాల్వుకి పూలదండ. రబ్బరు వాషరు మార్చినప్పుడల్లా షామియానా వేసి, నాదస్వరం పెట్టించి ప్రారంభోత్సవం చేయాలి. "వాషర్ వీరుడు" అని ఫ్లెక్సీ కట్టడానికి మా వీధి కుర్రాళ్లు సిద్ధంగా ఉన్నారు. కనెక్షన్ ఇవ్వకపోయినా ఫ్లెక్సీ కడతారు.

ఇంతలో బావగారి అర్జీకి ఫలితం వచ్చింది. ఫిర్యాదు పరిష్కరించామని ఫోనుకి మెసేజ్ పంపి, మా వీధికి కొత్త తారురోడ్డు వేశారు. అడిగింది పైపు, ఇచ్చింది రోడ్డు. రోడ్డు పైకి కనిపిస్తుంది కాబట్టి రిబ్బన్ కట్టారు, కత్తిరించారు, లడ్డూలు పంచారు. నేనూ రెండు తిన్నాను.

మూడో రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి ఎప్పట్లాగే అడి పంపు (చేత్తో కొట్టే పంపు) దగ్గరికి వెళ్లాను. ఇరవై సార్లు కొడితే రెండు దగ్గులు, ఒక చెంబు. వీధి చివర చూస్తే బావగారు రోడ్డు మధ్యలో గొంతుక్కూర్చుని ఉన్నారు. కొత్త తారు పగిలి నీళ్లు జానెడు ఎత్తున ఎగజిమ్ముతున్నాయి. ఆయన అటూ ఇటూ రెండు ఇటుకలు పెట్టి, మధ్యలో ప్లాస్టిక్ డబ్బా మూత అడ్డం వంచి బిందెలోకి పట్టుకుంటున్నారు. పక్కన కరెంటు స్తంభానికి రిబ్బన్ ముక్క ఇంకా వేలాడుతూనే ఉంది.

"అక్కడ పంపు కొట్టడం ఆపి బిందెలు పట్టుకురండి, తొందరగా నిండుతున్నాయి" అన్నారు.

వెళ్లాను. నాది నాలుగో నంబరు.